అమ్మ ఇచ్చిన అమానత్

చెన్నూరు నుంచి ఒక సోదరి ఇలా వ్రాశారు: “మా తమ్ముడికి అమ్మీ తన మూత్రపిండం ఇచ్చింది. రెండో నెలలో క్రియాటినిన్ పెరిగింది. కొత్త మూత్రపిండంలోని సన్నని రక్తనాళాలలో రక్తం గడ్డకడుతోందనీ, టాక్రోలిమస్ మందు కూడా కారణం కావచ్చనీ డాక్టర్లు చెప్పారు. తమ్ముడు ఆ మందు మానేస్తానంటున్నాడు. అవయవం ఇవ్వడమే తప్పు, అందుకే ఇలా జరిగిందని బంధువులంటున్నారు. అమ్మీ కుమిలిపోతోంది. రమజాన్ దగ్గరపడింది. ఏం చేయాలి?”

సోదరీ, వ అలైకుముస్సలామ్. మొదటి మాట: తమ్ముణ్ణి తనంతట తాను మందు మాననివ్వకండి.

ఈ వ్యాధిని థ్రాంబోటిక్ మైక్రోయాంజియోపతి అంటారు. సన్నని రక్తనాళాల లోపలి పొర దెబ్బతిన్నప్పుడు అక్కడ ప్లేట్‌లెట్లు పోగై దారిని మూసివేస్తాయి. ఆ ఇరుకులో ఎర్ర రక్తకణాలు చితికిపోతాయి. హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు తగ్గుతాయి, క్రియాటినిన్ పెరుగుతుంది. కొందరిలో రక్తకణాలు బాగానే ఉన్నట్లు కనిపిస్తాయి. బయాప్సీ చేస్తేనే విషయం బయటపడుతుంది.

కారణాలు అనేకం: టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ వంటి మందులు, శరీరం కొత్త అవయవాన్ని తిరస్కరించడం, వైరస్‌లు, రోగనిరోధక వ్యవస్థలో పుట్టుకతో వచ్చిన లోపం. తిరస్కరణే కారణమైతే మందు మానడం నిప్పులో నెయ్యి పోయడమే. మందే కారణమైతే మోతాదు తగ్గించడమో, మరో మందుకు మార్చడమో వైద్యులు చేస్తారు. అవసరాన్ని బట్టి ప్లాస్మా మార్పిడి, ఎక్యులిజుమాబ్ వంటి చికిత్సలున్నాయి. ఆలస్యమే అసలు శత్రువు.

మంచిర్యాల చేరి, అక్కడి నుంచి హైదరాబాదు వెళ్లి రావడం భారమే. అయినా పరీక్షలు వాయిదా వేయకండి. మందు స్థాయి చూసే రక్తం ఉదయపు మోతాదుకు ముందే ఇవ్వాలి. ఊళ్లో జ్వరానికి చూపించుకున్నా మార్పిడి సంగతి చెప్పండి. ఎరిత్రోమైసిన్, కొన్ని ఫంగస్ మందులు రక్తంలో టాక్రోలిమస్‌ను పెంచుతాయి. క్షయకు వాడే రిఫాంపిసిన్ తగ్గిస్తుంది. మూత్రం తగ్గినా, కాళ్లు వాచినా, రక్తపోటు పెరిగినా, ముఖం పాలిపోయినా వెంటనే ఆసుపత్రికి తెలియజేయండి.

ఉపవాసం విషయం. ఈ మందును సాధారణంగా 12 గంటలకొకసారి వేళ తప్పక వేసుకోవాలి. రోగికి ఉపవాసం నుంచి మినహాయింపునిచ్చింది అల్లాహ్‌యే. బఖరా సూరా 184, 185 ఆయతులు చూడండి. ఆ సడలింపును స్వీకరించడం ఈమాన్‌లో లోపం కాదు.

ఇక బంధువుల మాట. దాత ప్రాణానికి ముప్పు లేనప్పుడు, తగిన షరతులతో అవయవమార్పిడి ధర్మసమ్మతమేనని 1988లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ తీర్మానించింది. వ్యాధి శిక్ష కాదు, పరీక్ష. అమ్మీ చేసిన మేలు అల్లాహ్ వద్ద వృథా పోదని ఆమెకు చెప్పండి. ఏటా ఆమెకు కూడా రక్తపోటు, మూత్ర పరీక్షలు చేయించండి.

తల్లి ఇచ్చింది అమానత్. వేళకు వేసుకునే ప్రతి మాత్రా దాన్ని కాపాడుకోవడమే. అల్లాహ్ మీ తమ్ముడికి స్వస్థత ప్రసాదించుగాక! ఆమీన్.