రాళ్లెక్కే బండికి ఎముకలు

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రాన జాన్సన్ వ్యాలీ అనే ఎడారి వుంది. అక్కడ 2007లో మొదలైన 'కింగ్ ఆఫ్ ది హామర్స్' పందెంలో, నడిచి ఎక్కడానికే భయంవేసే బండరాళ్ల మీదుగా బండ్లు ఎక్కిస్తారు. ఆ బండికి ఉక్కు గొట్టాలను వంచి, వెల్డింగు చేసిన పంజరమే ఒళ్లు. దాన్ని ట్యూబ్ ఛాసిస్ అంటారు. రాళ్ల మీద బండి బోల్తాపడటం అక్కడ వింత కాదు. అప్పుడు మనిషికీ రాతికీ నడుమ అడ్డం వుండేవి ఆ గొట్టాలే. కనుక కొనేవాడి బేరంలో వాడి తల కూడా వుందన్నమాట!

అమ్మేవాడు ముందుగా ఉక్కు పేరు చెబుతాడు. క్రోమోలీ అనగానే ధర పైకి పోతుంది. అది బలమైనదే, పలచని గొట్టం వాడి బరువు తగ్గించవచ్చు. కాని వెల్డింగు చేసే చేయి నేర్పరిది కాకపోతే అతుకు పక్కనే పగులుతుంది. పైగా, బరువుపడ్డప్పుడు సాగి వంగకుండా వుండే బిగువు అన్ని ఉక్కులకూ ఇంచుమించు ఒకటే. ఆ బిగువు కావాలంటే గొట్టం లావు పెంచాలి. 0.120 అంగుళాల మందంగల గొట్టాన్ని 1.5 అంగుళాల లావునుంచి 1.75కు పెంచితే, బరువు నూటికి సుమారు 18 పాళ్లు పెరుగుతుంది. బిగువు 60 పాళ్లకు పైగా పెరుగుతుంది. వెదురుబొంగు బోలుగా వుండి కూడా గాలికి నిలవటంలోని కిటుకు ఇదే.

లావు కంటె కూర్పు ముఖ్యం. నాలుగు గుంజల పందిరిని పక్కనుంచి తోసి చూడండి, ఒరుగుతుంది. మూలనుంచి మూలకు ఒక ఏటవాలు కర్ర కట్టండి, కదలదు. పంజరంలోనూ అంతే. చతురస్రాలు ఎక్కువై త్రికోణాలు తక్కువైతే, ఎంత మేలురకపు ఉక్కయినా పక్కకు ఒరుగుతుంది. గొట్టాలు నాలుగైదు ఒకచోట కలిస్తే దెబ్బ పంచుకుంటాయి. ఒక గొట్టం వచ్చి మరొకదాని నడుముకు తగిలితే, వంగేది ఆ నడుమే.

ఇరుసులు, చక్రాలు, ఇంజను ఏవో ముందు నిశ్చయించుకుని, తరువాతే పంజరం ఎంచుకోవాలి. లేకపోతే కొన్న గొట్టాలనే మళ్లీ కోయవలసి వస్తుంది.

చివరిమాట. డబ్బిచ్చేముందు హెల్మెట్ పెట్టుకుని, సీటులో కూర్చుని, బెల్టు బిగించుకోండి. తల పైగొట్టానికి తగులుతుంటే లేచి వచ్చేయండి. రంగు సంగతి చూసుకోవటానికి తరువాత కావలసినంత తీరిక వుంటుంది.