క్రికెట్ టికెట్టుకు పద్దుంది, నాకు లేదు!

ఆ చీటీ నా కంట పడకపోతే ఇదంతా రాసేదాన్నే కాదు.

తెనాలిలో మాకు పెయింట్లు, హార్డ్‌వేర్ కొట్టు ఉంది. ఇంటిపని ముగించుకుని సాయంత్రాలు వెళ్లి గల్లాపెట్టె దగ్గర కూర్చోవడం, రాత్రికి బిల్లులు తేదీల వారీగా సర్ది పుస్తకంలో ఎక్కించడం పదకొండేళ్లుగా నా పని. బి.కాం. చదివినందుకు ఆ మాత్రం ఉపయోగపడాలిగా అంటారు మా అత్తగారు. నా కథలు రాసుకోవడం ఆ తర్వాతే, అందరూ పడుకున్నాక.

2025-26 లెక్కల ఫైలు ఆడిటరుగారికి పంపించాలని సర్దుతుంటే, మావారి చేతిరాతతో ఉన్న కాగితమొకటి కనపడింది. పైన 'వ్యాపారాభివృద్ధి ఖర్చులు' అని ఉంది. కింద వివరం: ఉప్పల్ స్టేడియంలో క్రికెట్ టికెట్లు నాలుగు, 12,000 రూపాయలు. కారు కిరాయి 9,000. భోజనాలు 2,600. వెరసి 23,600.

ఆ రోజు నాకు బాగా గుర్తుంది. 2025 ఏప్రిల్ 12, శనివారం. సన్‌రైజర్స్‌కీ పంజాబ్‌కీ మ్యాచ్. 246 పరుగులు కొట్టాల్సి వస్తే మనవాళ్లు ఇంకా ఓవరు మిగిలుండగానే కొట్టేశారు. అభిషేక్ శర్మ ఒక్కడే 141. మావారు తెల్లవారుజామున ఇంటికొచ్చి గొంతు బొంగురుపోయి మాట్లాడలేకపోయారు. వెళ్లింది నలుగురు. మా దగ్గర సరుకు కొనే ఇద్దరు కాంట్రాక్టర్లు, మావారు, మా అబ్బాయి. ఆ రోజంతా కొట్టు చూసుకున్నది నేను.

"ఏమండీ, మనవాడు మ్యాచ్ చూస్తే వ్యాపారం ఎలా అభివృద్ధి అవుతుందీ?" అనడిగాను.

"అందరూ రాసేదే. నీకెందుకు, ఆడిటరు చూసుకుంటాడు" అన్నారు.

నాకెందుకంటే, ఆ పుస్తకం రాసేది నేను కాబట్టి. అందుకని ఫైలు పట్టుకుని నేనే ఆడిటరుగారి దగ్గరకు వెళ్లాను. ఆయన విసుక్కోకుండా చెప్పిన సంగతులు మనలాంటి చిన్న వ్యాపారాల ఇళ్లల్లో ఆడవాళ్లకు తెలియాలి కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

అసలు ముందు చూసుకోవాల్సింది మన లెక్క ఏ పద్ధతిలో వెళుతోందన్నది. ఏడాది టర్నోవరు 2 కోట్ల లోపుంటే (నగదు రాబడి అయిదు శాతం దాటకపోతే 3 కోట్ల దాకా) చిన్న వ్యాపారులకు ఒక సులువు మార్గం ఉంది. అమ్మకాల మీద 8 శాతం, బ్యాంకు ద్వారానో ఫోను ద్వారానో వచ్చిన సొమ్ము మీదైతే 6 శాతం లాభం అనుకుని పన్ను కట్టేస్తే సరిపోతుంది. ఖర్చులన్నీ అందులో కలిసిపోయినట్టే. అలాంటివాళ్లు క్రికెట్ టికెట్టు కాదుగదా, కొట్టు అద్దె కూడా విడిగా తీసెయ్యడానికి లేదు. అంతకుముందు దాకా మాదీ ఆ పద్ధతే. సిమెంటు, ఇనుము కూడా అమ్మడం మొదలుపెట్టాక టర్నోవరు ఆ గీత దాటింది. అందుకే పద్దులు, రశీదులు, ఈ చీటీలు.

పద్దులు రాసేవాళ్లకు సూత్రం ఒకటే. ఖర్చు పూర్తిగా, ప్రత్యేకించి వ్యాపారం కోసమే పెట్టిందై ఉండాలి, సొంతానిదై ఉండకూడదు. 1961 చట్టంలో 37వ సెక్షను ఇది. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చేలా చేసిన 2025 కొత్త చట్టంలోనూ ఈ సూత్రం అలాగే ఉంది. క్రికెట్ టికెట్టు చెల్లుతుందనిగానీ చెల్లదనిగానీ పేరుపెట్టి ఎక్కడా రాసిలేదు. ఒకప్పుడు వినోదపు ఖర్చులకు విడిగా ఓ పరిమితి ఉండేది, 1998లో అది తీసేశారు. ఇప్పుడు ఎవరి కోసం పెట్టారు, ఎందుకు పెట్టారు అన్నదే చూస్తారు.

"కాంట్రాక్టర్ల టికెట్లు రెండూ చూపించుకోవచ్చమ్మా. వాళ్లెవరో, మీ దగ్గర ఎంత సరుకు కొన్నారో కాగితం ఉండాలి, టికెట్ల బిల్లుండాలి. మీ వారు వాళ్ల వెంట వెళ్లారు గనక ఆయన టికెట్టుకు వాదన ఉంది. ఆఫీసరు ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. మీ అబ్బాయిది మాత్రం ఇంటిఖర్చే" అన్నారు ఆడిటరుగారు.

అదే టికెట్టు మునిసిపల్ ఇంజనీరుగారి చేతిలో పెడితే? అది ఖర్చు కాదు, లంచం. చట్టం ఒప్పని పనికి పెట్టిన డబ్బు ఖర్చుగా చెల్లదు. మందుల కంపెనీలు డాక్టర్లకిచ్చే కానుకల గురించి 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది.

పోనీ కంపెనీవాళ్లే మనకు ఉచితంగా టికెట్లిస్తే? అది మనకొచ్చిన ఆదాయం కిందికొస్తుంది. వ్యాపార సంబంధంగా ఏడాదిలో ఇచ్చిన కానుకలు 20,000 దాటితే ఇచ్చినవాళ్లు పదిశాతం పన్ను ముందే పట్టాలని 2022 జులై నుంచి నిబంధన ఉంది. ఉచితంగా వచ్చిందని మురిసిపోయే గోడగడియారాలు, విహారయాత్రలు కూడా ఈ కోవలోవే.

ఇక జిఎస్‌టి. ఆ 12,000లో 2,625 రూపాయలు 28 శాతం పన్నే. 2025 సెప్టెంబరు 22 నుంచి ఐపీఎల్ టికెట్ల మీద అది 40 శాతం అయింది. సొంత వాడకానికి కొన్నదాని మీద కట్టిన ఆ పన్ను తిరిగి రాదు.

అమెరికాలో చిన్న వ్యాపారం చేసుకుంటున్న మా ఆడపడుచుకు ఫోనులో ఈ సంగతి చెబితే నవ్వింది. "మా దగ్గర ఆ తగువే లేదొదినా. ఇదివరకు కస్టమర్ని ఆటకు తీసుకెళితే టికెట్టులో సగం తీసెయ్యనిచ్చేవాళ్లు. 2018 నుంచి అదీ లేదు. విడిగా బిల్లు వేయించుకుంటే భోజనంలో సగం మాత్రం ఒప్పుకుంటారు" అంది. ఎంత హాయి! ఆట చూడు, నీ డబ్బుతో చూడు అన్నారన్నమాట.

ఇంతవరకూ విన్నాక నాలో ఉన్నదేదో నోటికొచ్చింది. "మరి పదకొండేళ్లుగా నేను చేస్తున్న పనికి జీతం రాసుకోవచ్చాండీ?" అనడిగాను.

ఆడిటరుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. రాసుకోవచ్చట. చేసిన పనికి తగ్గట్టుగా ఉండాలట. కానీ భర్తకు గణనీయమైన వాటా ఉన్న వ్యాపారంలో భార్య జీతం తీసుకుంటే, దాన్ని తిరిగి భర్త ఆదాయంలోనే కలిపి పన్ను వేస్తారట. 1961 చట్టంలో ఇది 64వ సెక్షను. ఈ చేత్తో తీసి ఆ చేత్తో కలిపినట్టు. భార్యకు సాంకేతికమైన అర్హతో, వృత్తి సంబంధమైన అర్హతో ఉండి, ఆ తెలివి, ఆ అనుభవం వల్లే జీతం వచ్చిందని చూపించగలిగితే మినహాయింపు. ఆ అర్హతకు డిగ్రీ, డిప్లొమా కాగితమే ఉండాలని లేదని 1980లలో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పిందట. "మీకు బి.కాం. ఉంది, అనుభవం ఉంది. వాదించవచ్చు. ఆఫీసరు ఒప్పుకోవాలి" అన్నారు.

చూశారా? మూడు గంటల ఆటకు ఒక బిల్లు చాలు. పదకొండేళ్ల పనికి మాత్రం నా అర్హత నేను రుజువు చేసుకోవాలి!

చట్టం చేసినవాళ్లకు కారణం లేకపోలేదు. గడప దాటి కొట్టు మొహం చూడని భార్య పేరున జీతం రాసి పన్ను తప్పించుకునే ప్రబుద్ధులున్నారు. చట్టంలో భర్త అనీ భార్య అనీ తేడా కూడా లేదు, భార్య వ్యాపారంలో భర్త జీతం తీసుకున్నా అంతే. కానీ మన ఊళ్లల్లో కొట్టు ఎవరి పేరున ఉంటుంది, జీతం లేకుండా అందులో కూర్చునేది ఎవరు? దొంగ జీతాలు ఆపడానికి వేసిన కంచె నిజంగా పనిచేసే ఆడవాళ్లకు అడ్డొస్తోంది. రోజూ పని చేస్తున్నట్టు, జీతం బ్యాంకులో పడుతున్నట్టు రుజువుంటే డిగ్రీలు, అర్హతలు అడక్కుండా ఆమె ఆదాయాన్ని ఆమెదిగా ఒప్పుకోవాలని నా అభిప్రాయం.

పన్ను తగ్గదు కదా, జీతం రాసుకుని ఏం లాభం అంటారా? మా వీధిలో ఒకావిడ ఇరవై ఏళ్లు భర్తతో సమానంగా కిరాణాకొట్టు నడిపింది. ఆయన గుండెపోటుతో పోయాక, సరుకు తెచ్చుకోవడానికి అప్పు కోసం బ్యాంకుకు వెళితే, "మీ ఆదాయం చూపించే కాగితాలేవమ్మా?" అన్నారు. ఏ కొట్లో ఏ డబ్బా ఎంతకొచ్చిందో నోటికి చెప్పగల మనిషి, తన పేరున ఒక్క కాగితం చూపించలేక వెనక్కొచ్చింది. ఆవిడ మొహం నేను మర్చిపోలేను.

ఇంటికొచ్చి మావారితో కూర్చున్నాను. వాదన జరిగింది, అబద్ధమెందుకూ. "నీకు డబ్బు కావాలంటే గల్లాలో తీసుకోవద్దన్నానా?" అన్నారు. గల్లాలో తీసుకోవడం వేరు, సంపాదించుకోవడం వేరు అన్నాను. కాసేపు టీవీ చూశారు. తర్వాత ఆయనే, "ఆ చీటీలో మొత్తం చూపిస్తే మనకు మిగిలేదెంత?" అనడిగారు. ఇరవై శాతం శ్లాబనుకుంటే 4,720 రూపాయలు అన్నాను. "దీనికా ఇంత రభస!" అన్నారు.

చివరికి మావాడి టికెట్టు, వాడి భోజనం ఇంటిఖర్చులోకి మార్చాం. మావారి టికెట్టు కూడా ఆయనే కొట్టేశారు, ఆఫీసరు అడిగితే తడబడటం ఎందుకని. కాంట్రాక్టర్ల పేర్లు, వాళ్ల కొనుగోళ్లు రాసి బిల్లుకు జతచేశాను. నా పేరున నెలకు 8,000 జీతం బ్యాంకులో పడుతోంది. ఈ లెక్కల్లో అది ఆయన ఆదాయంలోనే కలిసినా ఫరవాలేదు. పుస్తకంలో నా పేరుంది. మొదటి నెల ఆ పద్దు నా చేత్తో నేనే రాసుకున్నాను.

మీ ఇంట్లో కొట్టుంటే, మిల్లుంటే, ట్యూషన్ సెంటరుంటే, మీరూ ఓసారి ఆ పుస్తకం తెరిచి చూడండి. ఖర్చుల్లో ఎవరెవరి పేర్లున్నాయో, మీ పేరు ఎక్కడుందో వెతకండి. లేకపోతే అడగండి. అడిగితే ఇల్లు కూలిపోదు. మా ఇల్లు కూలలేదు మరి.

అన్నట్టు, ఈసారి మ్యాచ్‌కు నేనూ వెళతానన్నాను. నా జీతంతోనే టికెట్టు కొనుక్కుంటాను. అది ఏ పద్దులోనూ రాయక్కర్లేదు.