కోయకుండా చూసొద్దాం

కాలిఫోర్నియాలో ఏప్రిల్ నెలాఖరుకి రెండు విషయాలు ఒకేసారి జరుగుతాయి. చలికాలం వానలు తాగిన కొండలన్నీ పూలు పూస్తాయి. ఆ కొండల కిందే సముద్రంలో, తల్లి తిమింగలాలు పిల్లల్ని వెంటేసుకుని ఉత్తరానికి బయల్దేరతాయి. ఒకేచోట నిలబడి ఈ రెండూ చూడొచ్చు. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి కారులో రెండు గంటలు వెళ్తే పాయింట్ రేయ్స్ వస్తుంది. టికెట్ లేదు. పడవ ఎక్కక్కర్లేదు.

అమ్మానాన్నలు ఇండియా నుంచి వస్తే చూపించడానికి మనవాళ్ల దగ్గర ఒక లిస్టు ఉంటుంది కదా. గోల్డెన్ గేట్, వేగాస్, నయాగరా, మధ్యలో రెండు గుళ్లు, నాలుగు కాస్ట్‌కో ట్రిప్పులు. ఈసారి ఆ లిస్టు పక్కన పెట్టి అమ్మ, నాన్న, మా ఆయన, ఏడేళ్ల మా బుడ్డోడు, నేను పులిహోర కట్టుకుని పొద్దున్నే బయల్దేరాం.

అక్కడ చిమ్నీ రాక్ అనే చోటికి చిన్న కాలిబాట ఉంది. వెళ్లడానికి సుమారు కిలోమీటరున్నర. అటూ ఇటూ సముద్రం, మధ్యలో పచ్చటి గట్టు. ఆ గట్టంతా పూలే. ఊదారంగు ఐరిస్‌లు, పసుపు రేకుల చివర తెల్ల అంచు ఉండే టైడీ టిప్స్, అక్కడక్కడా నారింజరంగు కాలిఫోర్నియా పాపీలు. ఈ పాపీ 1903 నుంచి ఆ రాష్ట్ర పుష్పం. ఎండ ఉంటేనే విచ్చుకుంటుంది. మబ్బు పట్టినా, చీకటి పడినా ముడుచుకుంటుంది.

మా అమ్మ సంగతి చెప్పాలి. ఊళ్లో తెల్లారకముందే కవర్ పట్టుకుని వీధిలో ఏ ప్రహరీ మీంచి ఏ మందారం బయటికి వాలిందో చూసి వచ్చే మనిషి. ఇన్ని పూలు చూశాక ఊరుకుంటుందా? హ్యాండ్‌బ్యాగ్‌లోంచి కవర్ తీసేసింది.

"దేవుడికి నాలుగు కోస్తానే. ఎవరింటివీ కావుగా?"

"ఎవరింటివీ కావు కాబట్టే కోయకూడదమ్మా. ఇది నేషనల్ పార్క్ వాళ్ల స్థలం, ఫైన్ వేస్తారు."

"పూజకి కూడానా?"

మా బుడ్డోడు అందుకున్నాడు. "అమ్మమ్మా, ఫ్లవర్ తెంపేస్తే సీడ్ రాదు. సీడ్ లేకపోతే నెక్స్ట్ ఇయర్ ఫ్లవర్ ఎలా వస్తుంది?"

వాడు చెప్పింది నిజమే. ఈ పూల మొక్కల్లో చాలావాటికి ఒక్క ఏడాదే ఆయుష్షు. పువ్వు గింజై నేలలో పడితేనే వచ్చే ఏటి పువ్వు. ఒక్క మనిషి కోసే నాలుగు పూలతో కొండ బోసిపోదు. కానీ ఆ మాట అందరూ అనుకుంటే? 2019లో దక్షిణ కాలిఫోర్నియాలో లేక్ ఎల్సినోర్ పక్కన వాకర్ కాన్యన్‌లో పాపీలు విరగబూశాయి. ఇన్‌స్టాలో ఫొటోలు చూసి జనం వేల సంఖ్యలో ఎగబడ్డారు. పూలమధ్య పడుకుని సెల్ఫీలు. కాలు పెట్టినచోటల్లా మట్టి గట్టిపడి మొక్కలు చచ్చాయి. 2023లో మళ్లీ అంత బాగా పూస్తే, ఈసారి ఎవర్నీ రానివ్వకుండా దారే మూసేశారు. చూడ్డానికి వచ్చినవాళ్ల వల్లే చూసే అవకాశం పోయింది!

అమ్మ ఇంకా కవర్ పట్టుకునే ఉంది. నాన్న నెమ్మదిగా అన్నారు: "మానసపూజ అంటావుగా. ఉన్నచోటే ఉంచి ఇచ్చెయ్." అమ్మ ఆయన వంక ఒకసారి గుర్రుగా చూసి, కవర్ మడిచి లోపల పెట్టేసింది. తర్వాత రెండు నిమిషాలు కళ్లు మూసుకుని నిలబడింది.

ఇక తిమింగలాలు. ఇక్కడ కనిపించేవి గ్రే వేల్స్, బూడిదరంగు తిమింగలాలు. పెరిగితే 45 అడుగుల దాకా ఉంటాయి. మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా ఉప్పునీటి మడుగుల్లో చలికాలంలో పిల్లల్ని కని, ఎండాకాలానికి అలాస్కా పైన ఆర్కిటిక్ సముద్రానికి చేరతాయి. రానూపోనూ ఏటా 16 వేల కిలోమీటర్ల పైమాటే. మగవి, ఒంటరివి మార్చిలోనే దాటిపోతాయి. పిల్లతల్లులు ఆఖర్న, ఏప్రిల్ చివర, మే మొదట్లో వస్తాయి. కిల్లర్ వేల్స్ పిల్లల్ని పట్టుకుంటాయన్న భయంతో ఒడ్డుని ఆనుకునే ఈదుతాయి. అందుకే గట్టు మీంచి మనకి కనిపిస్తాయి.

చూడ్డానికో చిట్కా. తిమింగలం కోసం వెతక్కండి, దాని ఊపిరి కోసం వెతకండి. నీళ్లమీద పది పన్నెండు అడుగుల ఎత్తున తెల్లటి ఆవిరి లేస్తుంది. ఎదురుగా చూస్తే హృదయం ఆకారంలో ఉంటుంది. మూడు నాలుగుసార్లు ఊపిరి తీసుకుని, తోక ఎత్తి మునిగిందంటే మళ్లీ తేలడానికి మూడు నుంచి ఐదు నిమిషాలు పడుతుంది. ఎటు వెళ్తోందో చూసుకుని కాస్త ముందుకి చూపు పెట్టుకోవాలి.

గంటకి పైగా గాలిలో వణికాక నాన్న గట్టిగా అరిచారు, "అదుగో!" ఒక పెద్ద ఆవిరి, వెంటనే పక్కనే ఒక చిన్నది. కాసేపటికి పెద్దది, మళ్లీ చిన్నది. మచ్చల మచ్చల వీపు ఒకటి, దానికి అతుక్కుని నల్లటి వీపు ఇంకొకటి. మాలో ఎవ్వరం మాట్లాడలేదు.

ఆ తల్లి నెలల తరబడి దాదాపు ఏమీ తినదు, ఒంట్లోని కొవ్వు కరిగించుకుని పిల్లకి పాలిస్తుంది అని చెప్పాను. "పచ్చి బాలింత... తిండి లేకుండా అంత దూరమా!" అంది అమ్మ.

ఈ బాలింతల్నే ఒకప్పుడు వేటాడేవాళ్లు. 1857లో చార్లెస్ స్కామన్ అనే కెప్టెన్ బాహా మడుగుల్లోకి దారి కనుక్కున్నాడు. ఆ తర్వాత వేట ఓడలు కాన్పుల చోటే మాటు వేశాయి. పిల్ల జోలికొస్తే తల్లి తిరగబడి పడవల్ని బద్దలు కొట్టేది. దాంతో వేటగాళ్లు దానికి 'డెవిల్ ఫిష్' అని పేరు పెట్టారు. 20వ శతాబ్దంలో వేట మీద నిషేధం వచ్చాక నెమ్మదిగా కోలుకున్నాయి. 1994లో అమెరికా ఈ తూర్పు పసిఫిక్ గ్రే వేల్స్‌ని అంతరించే జీవుల జాబితాలోంచి తీసేసింది. విచిత్రం ఏంటంటే, 1970ల నుంచి అవే మడుగుల్లో తల్లులు పిల్లల్ని తీసుకుని టూరిస్టు పడవల దగ్గరికి వాటంతటవే వస్తున్నాయి. మనిషి చంపడం మానేసి చూడ్డం మొదలుపెట్టాడు. కథ సుఖాంతం అనుకున్నారు.

కానీ కాదు. 2016లో సుమారు 27 వేలున్న ఇవి 2025కి 13 వేల దగ్గరికి పడిపోయాయి. ఎవరూ బల్లెం ఎత్తలేదు. ఆర్కిటిక్ అడుగు బురదలో ఉండే, రొయ్యలకి దూరపు చుట్టాల్లాంటి చిన్న జీవులే వీటి ఆహారం. మంచు కింద పెరిగే నాచు రాలిపడితే అవి బతుకుతాయి. సముద్రం వేడెక్కి మంచు తగ్గుతుంటే ఆ వరసంతా దెబ్బతింటోందని శాస్త్రవేత్తలు చెప్తున్నారు. తిండి చాలని తల్లి పిల్లని కనలేదు, కన్నా పెంచలేదు.

అంటే దూరం నుంచి చూడ్డం మొదటి మెట్టు మాత్రమే. అయినా ఆ మొదటి మెట్టే మనం చాలాసార్లు ఎక్కం. కనిపించిందల్లా చేత్తో పట్టుకోవాలి, ఇంటికి తెచ్చుకోవాలి, ఫోన్‌లో ఇంకా దగ్గరగా పడాలి. ఆ పార్కులో డ్రోన్ ఎగరెయ్యకూడదు. పడవలో వెళ్తే తిమింగలానికి వంద గజాల దూరం ఉండాలి. ఈ రూల్స్ మన సరదా చెడగొట్టడానికి పెట్టినవి కావు.

ఇవన్నీ అమెరికా కబుర్లు అనుకోకండి. మన కోస్తా ఇసుకలో చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. రాత్రి గుడ్డు పగిలి బయటికొచ్చిన పిల్ల, వెలుతురు ఎటు ఎక్కువుంటే అటే సముద్రం అనుకుని నడుస్తుంది. మీ ఫోన్ టార్చ్ చాలు, దాన్ని రోడ్డు వైపు తిప్పేయడానికి. ఈసారి ఆ సీజన్లో సూర్యలంకో, ఇంకో బీచో వెళ్తే, రాత్రిపూట టార్చ్ ఆపేయండి. చీకట్లో కళ్లు అలవాటు పడటానికి కాసేపు పడుతుంది, అంతే. ఫొటో రాదు. తాబేలు మాత్రం నీళ్లలోకి వెళ్తుంది.