ఆరోగ్యము: తిమ్మిరి కాళ్లకు విద్యుచ్చికిత్స



కరీంనగరు, నిర్మల్ ప్రాంతములలో బీడీలు చుట్టు స్త్రీలు గంటల తరబడి నేలపై మఠము వేసికొని కూర్చుందురు. కాలికి తిమ్మిరి యెక్కుట వారికి నిత్యానుభవము. లేచి నాలుగడుగులు వేసినచో నది పోవును. అందుచేతనే పోని తిమ్మిరిని గూడ వారు లెక్కసేయరు. రెండు పాదములును మండుచు, రాత్రులందు సూదులతో పొడిచినట్లుండి, క్రమముగా మొద్దుబారుచున్నచో నది నరములకు పట్టిన వ్యాధియని యనుమానింపవలెను. దీనికి ముఖ్యకారణము మధుమేహము. బి 12 విటమిను లోపము, కుష్ఠువు మొదలగు కారణములును గలవు గాన వైద్యుడే నిర్ణయింపవలెను.

ఈ బాధకు విద్యుచ్ఛక్తితో ఉపశమనము గూర్చు ‘టెన్స్’ అను చిన్న యంత్రము లిపుడు దొరకుచున్నవి. చర్మమున కంటించిన బిళ్లలగుండ స్వల్పమైన విద్యుత్తు నరములకు సోకును. మోకాలికి దెబ్బ తగిలినపుడు మనమచ్చట రుద్దుకొందుము. నొప్పి కొంత శమించును. స్పర్శ వెన్నుపాములో నొప్పికి ద్వారము మూయునని మెల్జాక్, వాల్ అను శాస్త్రజ్ఞులు 1965లో ప్రతిపాదించిరి. ఈ యంత్రమునకు మూలమైన భావ మదియే. మధుమేహమువలని నరముల నొప్పికి దీనిని పరిశీలింపవచ్చునని అమెరికా నాడీవైద్యుల సంఘము 2010లో తెలిపెను.

అయితే యిది నొప్పిని తగ్గింపగలదే కాని చెడిన నరమును బాగుచేయునని నమ్మరాదు. నొప్పి తగ్గెనని మందులు మానినచో వ్యాధి లోలోపల పెరుగుచునే యుండును. స్పర్శ తెలియు చోటనే బిళ్ల లుంచవలెను. మొద్దుబారిన చోట విద్యుత్తు హెచ్చినను తెలియక చర్మము కాలవచ్చును. పేస్‌మేకరు గలవారును, గర్భిణులును, మూర్ఛరోగులును వైద్యుని యనుమతి లేక దీనిని వాడరాదు. తక్కినవారును ఫిజియోథెరపిస్టు చెంత పద్ధతి నేర్చుకొనిన పిమ్మటనే వాడుట మేలు.

యంత్రముకంటె ముఖ్యమైనది పాదరక్షణము. ఆదిలాబాదు చలి ప్రసిద్ధము. పుష్యమాసమున కుంపటి చెంత కాళ్లు చాచుకొనుట హాయియే. కాని మొద్దుబారిన పాదమునకు సెగ తెలియదు. ప్రత్తిచేలలో ముల్లు గ్రుచ్చుకొన్నను తెలియదు. చిన్న బొబ్బయే పుండయి, తుదకు వ్రేలు తీసివేయవలసిన స్థితి రావచ్చును.

అత్తగారి కాళ్లకు నూనె రాచు కోడలు తన యరికాలిని చూచుకొనదు. ప్రతి రాత్రియు దీపము వెలుతురున అద్దము పట్టి యరికాళ్లను, వ్రేళ్ల సందులను పరీక్షించుకొనుడు. చేలకు చెప్పులు తొడిగి పొండు. యంత్రమునకు వెచ్చించుటకు ముందు రక్తములో చక్కెర యెంత యున్నదో ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున పరీక్ష చేయించుకొనుడు. ఇంటిల్లిపాదిని కాచు పాదములు మీవి. వానిని మీరే కాచుకొనవలయును.