జీపు స్టీరింగు మార్పు: సొంత ఇష్టమేనా?

ఆర్మూరు పరిసరాల్లో పసుపు తవ్వే రోజులు వచ్చాయంటే పొలాల బాటలు, పెర్కిట్ కూడలి ఒకే తీరుగా కిటకిటలాడుతుంటాయి. 44వ, 63వ జాతీయ రహదారులు కలిసే ఈ చోట నిజామాబాద్ యార్డుకు బస్తాలు మోసే ట్రాక్టర్లు, లారీలు, బస్సులు, బడిపిల్లల సైకిళ్లు అన్నీ ఒకే దారిన సాగాలి. వాటి మధ్యనే పాత మహీంద్రా జీపులూ తిరుగుతున్నాయి. ఒర్రెలు, గట్లు, నల్లరేగడి బురద దాటించే ఈ బండ్లను వదులుకోవడానికి కొందరు రైతులు నేటికీ ఇష్టపడరు. అయితే కంపెనీ ఇచ్చిన స్టీరింగును అలాగే ఉంచాలా, తీసేసి వేరేది బిగించాలా అన్న విషయంలో మాత్రం యజమానుల మధ్య ఏకాభిప్రాయం లేదు.

మార్చాలనే వారి బాధ కొట్టివేయదగినది కాదు. పాత జీపుకు పవర్ స్టీరింగు లేదు. గట్టు పక్కన బండి తిప్పాలంటే భుజాలు పట్టేస్తాయి. వయసు మళ్లిన రైతుకు అది మరీ కష్టం. 2020లో వచ్చిన కొత్త థార్‌కు కంపెనీయే పవర్ స్టీరింగు ఇచ్చినప్పుడు, తమ బండికి మరో వాహనం నుంచి తెచ్చి బిగించుకుంటే తప్పేమిటని వారు ప్రశ్నిస్తున్నారు.

వద్దనే వారి వాదనలోనూ పస ఉంది. స్టీరింగు ఒంటరి భాగం కాదు. పెట్టె, దాని చేయి, పొడవాటి రాడ్లు, ఇరుసు, కమాన్ పట్టీలు అన్నీ కలిసి పనిచేస్తాయి. కొత్త పెట్టెను ఛాసిస్‌కు బిగించడానికి వేసిన వెల్డింగు చీలితే బండి ఎవరి చేతిలోనూ ఉండదు. ఎత్తు కోసం కమాన్ పట్టీల కింద దిమ్మలు పెడితే రాడ్ల వాలు మారిపోతుంది. అప్పుడు గుంతలో పడ్డ ప్రతిసారీ చక్రాలు తమంతట తామే పక్కకు లాగుతాయి. కంపెనీ కొత్త మోడలు తెచ్చేటప్పుడు పుణెలోని ఏ.ఆర్.ఏ.ఐ. వంటి సంస్థల పరీక్షలు దాటించాలి. షెడ్డులో ఒక్క పూటలో బిగించిన స్టీరింగుకు ఆ పరీక్ష ఎవరు చేశారు?

అనుభవం గల మెకానిక్కులు చెప్పే మూడో మాటను ఇరుపక్షాలూ చెవిన పెట్టడం లేదు. జీపు స్టీరింగు బరువెక్కిందంటే దోషం ఎప్పుడూ పెట్టెలోనే ఉండదు. టైర్లలో గాలి తగ్గినా, కింగ్‌పిన్ బేరింగులు గ్రీజు లేక ఎండిపోయినా, రాడ్ల చివర బాల్ జాయింట్లు అరిగినా బండి మొరాయిస్తుంది. 6.00-16 కొలత సన్న టైర్లకు తయారైన జీపుకు వెడల్పు టైర్లు తొడిగి, ఆపైన స్టీరింగు బరువని ఫిర్యాదు చేస్తే బండి ఏం చేస్తుంది? ముందు ఉన్నదాన్ని బాగు చేయించి, ఆ తర్వాత మార్పు మాట ఎత్తడమే తెలివి.

కొత్త బండ్ల యజమానులు చేసే పొరపాటు మరొకటి. ముచ్చటపడి చిన్న రేసు స్టీరింగు చక్రం తగిలిస్తున్నారు. కంపెనీ చక్రం మధ్యలో డ్రైవరు ప్రాణం కాపాడే ఎయిర్‌బ్యాగు ఉంటుంది. 2019 జూలై నుంచి కొత్త కార్లలో డ్రైవరు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి. ఆ చక్రం విప్పేస్తే, ప్రాణరక్షణను చేజేతులా తీసి పక్కన పెట్టినట్టే.

చట్టం విషయంలోనూ అపోహలు తొలగాలి. ఆర్.సి.లో స్టీరింగు రకం రాసి ఉండదు గనుక ఎవరూ అడగరని కొందరి ధీమా. కంపెనీ నిర్దేశించిన తీరుకు భిన్నంగా బండిని మార్చడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను నియంత్రిస్తుంది. 2019 జనవరిలో కేరళకు చెందిన కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షనును గట్టిగా సమర్థించింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182-ఎ సెక్షను ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ పేచీ పెట్టే అవకాశమూ ఉంది.

అలాగని కంపెనీ స్టీరింగు ముట్టుకోలేదంటే నిర్దోషి అనీ కాదు. కేంద్ర మోటారు వాహనాల నియమావళి 98వ నియమం ప్రకారం స్టీరింగు చక్రంలో వదులు 30 డిగ్రీలు మించరాదు. అంటే గడియారంలో 12 నుంచి 1 వరకు ఉన్నంత దూరం. బాల్ జాయింట్లకు రబ్బరు తొడుగులు ఉండాలి, బోల్టులు ఊడకుండా బిగించి ఉండాలి. పాతదే మేలని వాదించే వారి బండ్లలో ఈ పరీక్షకు నిలిచేవి ఎన్ని? అరిగిన అసలు స్టీరింగు, అతుకుల కొత్త స్టీరింగు రెండూ ఎదురొచ్చే సైకిలు పిల్లవాడికి ఒకే ప్రమాదం.

బండి సొంతమే కావచ్చు, రోడ్డు మాత్రం పదిమందిది. కాబట్టి స్టీరింగును యజమాని ఇష్టాయిష్టాలకు వదిలేయలేం. అయితే జరిమానాల భయం ఒక్కటే చాలదు. ఏ మార్పుకు అనుమతి ఉంది, ఏ మార్పుకు లేదు, దరఖాస్తు ఎలా చేయాలి అన్నది రవాణా శాఖ తేటతెలుగులో ప్రకటించాలి. పసుపు కాలానికి ముందే ఆర్మూరులో ఉచితంగా స్టీరింగు తనిఖీ శిబిరం పెట్టి, స్థానిక మెకానిక్కులను అందులో భాగస్వాములను చేయాలి. దారి చూపకుండా శిక్షించడం న్యాయం కాదు. దారి చూపాక కూడా దొడ్డిదారి పట్టే యజమానిని మాత్రం ఉపేక్షించరాదు.