పెళ్ళి కేసెట్టు డి.వి.డి. అయ్యాక గళ్ళు పడుతోందా?

పెళ్ళినాటి పట్టుచీరని అప్పుడప్పుడూ బయటికి తీసి, మడతలు మార్చి, నీడపట్టున ఆరేసి మరీ దాచుకుంటాం. ఆ చీర కట్టుకుని పీటల మీద కూర్చున్న వీడియో కేసెట్టుని మాత్రం అటక మీద పడేసి మర్చిపోతాం. ఏ మామగారి సంవత్సరీకానికో, అమ్మాయి పెళ్ళి మాటలప్పుడో గుర్తొచ్చి బయటికి తీస్తే, వేసి చూద్దామన్నా వి.సి.ఆర్. ఉండదు. ఆఖరిదాకా వాటిని తయారుచేస్తూ వచ్చిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016లో ఆ పని మానేసింది.

అందుకని స్టూడియోలో ఇచ్చి డి.వి.డి. చేయిస్తాం. లేదా ఇంట్లో కంప్యూటర్ తెలిసిన పిల్లవాడికి అప్పజెప్తాం. తీరా ఆ డిస్కు టీవీలో వేస్తే ఏముంది? తలంబ్రాలు పోసుకునేటప్పుడు బియ్యం బదులు నలుచదరపు ముక్కలు రాలుతుంటాయి. ఆశీర్వదించడానికి వచ్చిన అమ్మమ్మ ముఖం గళ్ళు గళ్ళుగా కనబడుతుంది. అడిగితే "కేసెట్టు పాతదండీ, అంతే వస్తుంది" అంటారు. ఆ మాట నిజం కావచ్చు, కాకపోనూవచ్చు. నమ్మేసి కేసెట్టుని పారేసే ముందు, తప్పు ఎక్కడుందో మీరే తేల్చుకోండి. ఇది వంట తెలిసిన ప్రతి ఇల్లాలికీ అర్థమయ్యే విషయమే!

సరుకా, వంటా, వడ్డనా?

కూర బాగాలేదంటే కారణం మూడుచోట్ల ఉంటుంది. కూరగాయలు వాడిపోయి ఉండాలి, వండడం కుదరక పోయి ఉండాలి, లేదా పెట్టిన గిన్నె చిల్లుదై ఉండాలి. ఇక్కడా అంతే. కేసెట్టు మన సరుకు. అందులోని బొమ్మని కంప్యూటర్లోకి ఎక్కించి, డిస్కులో పట్టేలా నొక్కి కుదించడం వంట. దాన్నే రెండరింగ్ అంటారు. ఆ వండినదాన్ని డిస్కు మీదికి రాయడం వడ్డన, అంటే బర్నింగ్.

ముందు కేసెట్టుని వి.సి.ఆర్.లో వేసి నేరుగా టీవీలో చూడండి. అక్కడే తెల్లటి గీతలు, చుక్కలు ఉంటే సరుకులోనే లోపం. అక్కడ బాగుంటే, డిస్కుకి ఎక్కించక ముందు కంప్యూటర్లో ఉన్న ఫైలు చూపించమనండి. అందులోనే గళ్ళు ఉంటే వంట చెడినట్టు. ఫైలు శుభ్రంగా ఉండి డిస్కు మాత్రం మధ్యలో ఆగిపోతూ, ఒక బొమ్మ దగ్గరే బిగుసుకుపోతూ ఉంటే తప్పు వడ్డనది. మరో ప్లేయర్లో వేసి చూస్తే ఆ సంగతి ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.

గళ్ళు పడడానికి అసలు కారణం

ఎక్కువమందికి ఎదురయ్యేది వంట లోపమే. మామూలు డి.వి.డి.లో 4.7 జి.బి. పడుతుంది. గంట నిడివి పెడితే ఒక్కో సెకనుకీ ధారాళంగా చోటు దక్కుతుంది. రెండు గంటలైతే సెకనుకి దాదాపు 5 మెగాబిట్లు. అదీ ఫరవాలేదు. మూడు గంటలైతే మూడున్నరకి లోపే, బొమ్మ పలచబడడం మొదలవుతుంది. ఇక మూడేసి గంటల కేసెట్లు మూడింటినీ ఒకే డిస్కులో ఇరికించారనుకోండి, సెకనుకి ఒకటికి కాస్త పైన మాత్రమే! అది పాతకాలం వి.సి.డి.ల స్థాయి. సోలెడు బియ్యం పట్టే గిన్నెలో తవ్వెడు పోసి వండితే అన్నం ఎలా ఉంటుందో, ఇదీ అంతే.

కదలకుండా కూర్చున్న మనుషుల్ని చూపించడానికి తక్కువ చోటు చాలు. ఒక క్షణానికీ మరో క్షణానికీ పెద్దగా మార్పు ఉండదు కదా. కానీ మాంగల్యధారణ సమయం తల్చుకోండి. నాలుగువైపుల నించీ అక్షింతలు పడుతుంటాయి, ఫొటోల వాళ్ళ ఫ్లాష్‌లు ఒక్కసారిగా మెరుస్తాయి, అందరూ లేచి నిలబడతారు. తెరంతా క్షణానికోలా మారిపోతుంటే, ఉన్న చోటు చాలక బొమ్మ ముక్కలుగా విడిపోతుంది. అందుకే దేనికోసం కేసెట్టు దాచుకున్నామో, సరిగ్గా ఆ ఘట్టమే ముందుగా పాడవుతుంది.

కాబట్టి ఒక డిస్కులో గంటన్నర, మహా అయితే రెండు గంటలు మించనివ్వకండి. మూడు గంటల కేసెట్టుకి రెండు డిస్కులు పెట్టమనండి. పదో ఇరవయ్యో ఎక్కువైనా ఇక్కడ పొదుపు పనికిరాదు. "టూ పాస్" పద్ధతిలో రెండర్ చెయ్యమని కూడా అడగండి. అందులో కంప్యూటర్ మొదటిసారి వీడియో అంతా చూసి, ఎక్కడ కదలిక ఎక్కువో గుర్తుపెట్టుకుని, రెండోసారి అక్కడ ఎక్కువ చోటు ఇస్తుంది. ధ్వనిని పి.సి.ఎం.లో కాకుండా డాల్బీ డిజిటల్‌లో పెడితే, మిగిలిన చోటంతా బొమ్మకి దక్కుతుంది.

మరికొన్ని లక్షణాలు, వాటికి మందులు

మనుషులు నడుస్తుంటే ముందుకీ వెనక్కీ ఊగినట్టు కనబడుతోందా? పాత వీడియోలో ఒక్కో బొమ్మనీ సరిసంఖ్య గీతలు ఒకసారి, బేసిసంఖ్య గీతలు ఒకసారి విడదీసి చూపిస్తారు. వాటి వరుస తారుమారైతే ఈ ఊగుడు వస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో "అప్పర్ ఫీల్డ్ ఫస్ట్", "లోయర్ ఫీల్డ్ ఫస్ట్" అని రెండు ఉంటాయి. ఒకటి కుదరకపోతే రెండోది పెట్టి చూడమనండి.

కదిలే చేతుల అంచుల్లో దువ్వెన పళ్ళలాంటి గీతలు కంప్యూటర్లో మాత్రమే కనబడి, టీవీలో కనబడకపోతే కంగారు పడక్కర్లేదు. అదీ ఆ సరి బేసి గీతల సంగతే. టీవీ దాన్ని సర్దుకుంటుంది.

తెర అడుగున సన్నటి పట్టీ ఒకటి వణుకుతూ ఉంటుంది. అది కొత్తగా వచ్చిన లోపం కాదు. ప్రతి వి.హెచ్.ఎస్. కేసెట్టులోనూ ఉన్నదే. పాత డబ్బా టీవీల్లో తెర అంచు దాన్ని కప్పేసేది, అంతే. సన్నని నల్లపట్టీతో మూసేస్తే సరిపోతుంది.

ముఖాలు ఉబ్బి, అందరూ లావుగా కనబడుతున్నారా? అప్పటి బొమ్మ 4 కి 3 కొలతది. దాన్ని ఇప్పటి వెడల్పు టీవీకి సాగదీశారన్నమాట. అసలు కొలతలోనే ఉంచమనండి. రెండుపక్కలా నల్లగా మిగిలితే మిగలనివ్వండి.

చుక్కలు ఎక్కువగా ఉంటే రెండరింగ్‌కి ముందు కొద్దిగా తగ్గించడం మంచిదే. ఆ చుక్కలు కూడా చోటు తింటాయి. కానీ మితిమీరితే ముఖాలు మైనపు బొమ్మల్లా నున్నగా అయిపోతాయి సుమా!

అమెరికా నించి మీవాళ్ళు పంపిన కేసెట్టైతే అది ఎన్.టి.ఎస్.సి. పద్ధతిది. మనది పాల్ పద్ధతి. రెండూ ఆడించగల వి.సి.ఆర్.లో వేసి, ఆ పద్ధతిలోనే ఎక్కించాలి. లేకపోతే రంగులు పోవడం, బొమ్మ దొర్లడం జరుగుతాయి.

కేసెట్టు కిటికీలోంచి చూస్తే టేపు మీద తెల్లటి బూజు కనబడిందా? అస్సలు ఆడించకండి. ఆ బూజు వి.సి.ఆర్. హెడ్డుకి అంటుకుని, తర్వాత వేసిన కేసెట్లకీ పాకుతుంది. శుభ్రం చేయడం తెలిసినవాళ్ళకే ఇవ్వండి.

డిస్కు విషయంలో

పేరున్న రకం డిస్కు తీసుకోండి. 16 రెట్ల వేగం అని రాసి ఉన్నా, 4 లేక 8 రెట్లతోనే రాయించండి. చివర్లో "ఫైనలైజ్" చేశారో లేదో అడగండి. అది చెయ్యకపోతే వేరే ప్లేయర్లో ఆడకపోవచ్చు. డిస్కు మీద కాగితం చీటీలు అంటించకండి. మెత్తటి మార్కర్‌తో పేరు రాసుకుంటే చాలు. ఎండ తగలని చోట నిలువుగా పెట్టండి.

పని మొత్తం పూర్తిచేయించే ముందు, మాంగల్యధారణ దగ్గర ఐదు నిమిషాలు మాత్రం తిరగరాసే డి.వి.డి. మీద ఎక్కించి ఇమ్మనండి. ఇంటికి తెచ్చి మీ టీవీలో చూసుకోండి. పులుసు దించేముందు అరచేతిలో వేసుకుని రుచి చూడమా? ఇదీ అంతే. అక్కడ బాగుంటే మిగతాదంతా బాగున్నట్టే.

ఈ మూడూ మర్చిపోకండి

ఒకటి, బాగా నొక్కేసిన డిస్కునే మళ్ళీ బాగుచేస్తామంటే ఒప్పుకోకండి. నీళ్ళు కలిపిన పాలు ఎంత తిప్పినా మొదటి చిక్కదనానికి రావు. కంప్యూటర్ పోయిన ముఖాన్ని ఊహించి కొత్తగా గీస్తుంది గానీ, అది మీ అమ్మగారి ముఖం కాదు, ఆవిడలాంటి మరొకరి ముఖం. బాగుచెయ్యాలంటే అసలు కేసెట్టు నించే మొదలుపెట్టాలి.

రెండు, డిస్కుతో సరిపెట్టుకోకుండా కంప్యూటర్లోకి ఎక్కించిన అసలు ఫైలుని కూడా అడిగి తీసుకోండి. ఈ రోజుల్లో చాలా లాప్‌టాప్‌లకి డిస్కు పెట్టే చోటే ఉండడం లేదు. ఒక హార్డ్‌డిస్కులో మీ దగ్గర ఒక కాపీ, అక్కయ్య దగ్గరో తమ్ముడి దగ్గరో మరో కాపీ ఉంటే దిగులుండదు.

మూడు, అన్నిటికన్నా ముఖ్యం. డిస్కు చేతికొచ్చిందని కేసెట్టుని పారేయకండి. మొదటికి పూర్తిగా తిప్పేసి, నిలువుగా, చెమ్మ తగలని చోట, స్పీకర్లకి దూరంగా పెట్టండి. ఇవాళ కుదరని వంట రేపు ఇంకొకరి చేతిలో కుదరొచ్చు. సరుకే లేకపోతే ఎవరూ ఏమీ చెయ్యలేరు. ఆ కేసెట్టులో అక్షింతలు వేస్తున్న చేతుల్లో ఎన్ని చేతులు ఇప్పుడు మన మధ్య లేవో ఒక్కసారి లెక్కపెట్టుకోండి. ఈ వేసవి సెలవుల్లో ముందుగా చేయించవలసిన పని ఏమిటో మీకే తెలుస్తుంది.