పనిముట్టు ఆగితే పూట కూలి పోతుంది: నిర్మాణ కార్మికుల సంక్షేమ మండళ్ళకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ భవన, ఇతర నిర్మాణ కార్మికుల సంక్షేమ మండళ్ళ అధ్యక్షులకు, సభ్యులకు,

నిర్మాణ పనుల్లో పనిముట్టు ఎవరిదన్నది పనిని బట్టి మారుతుంది. స్లాబు పోసే రోజు వచ్చే మిల్లర్, వైబ్రేటర్, లిఫ్టు కాంట్రాక్టరువి, లేదంటే అద్దెకు తెచ్చినవి. తాపీ, గజంబద్ద, రసమట్టం, తూకంగుండు మేస్త్రీ సంచిలో ఉంటాయి. టైల్స్ వేసేవారి కటింగ్ మిషన్, ఎలక్ట్రీషియన్ హామర్ డ్రిల్లు, వడ్రంగి చిత్రిక మిషన్, పెయింటర్ నిచ్చెన మాత్రం చాలావరకు వారి సొంతం. అడ్డా మీద సొంత మిషన్ ఉన్న మనిషికి పని ముందు దొరుకుతుంది, రేటూ కాస్త ఎక్కువ పలుకుతుంది. ఆ మిషన్ మధ్యాహ్నం ఆగిపోతే ఆ పూట కూలి పోతుంది, బాగుచేయించే ఖర్చు మీద పడుతుంది, పని నిలవకూడదని అద్దె మిషన్ తెస్తే దాని బాడుగ కూడా తోడవుతుంది. గుత్తకు ఒప్పుకున్న పని అయితే ఆలస్యానికి మాట కూడా పడాలి. ఈ నష్టం ఏ హాజరు పట్టీలోనూ కనిపించదు. మండళ్ళ పథకాలు ప్రధానంగా పెళ్ళి, ప్రసూతి, ప్రమాదం, మరణం చుట్టూ అల్లుకున్నవి. కార్మికుడు బతికి, ఒళ్ళు బాగుండి పని చేసుకునే రోజుల్లో అతని చేతిలో ఉండే వస్తువుకు వాటిలో చోటు దాదాపు లేదు.

చేతి మిషన్లు చెడిపోయే కారణాలు కొన్నే, అవీ అందరికీ తెలిసినవే. గ్రైండర్, కటింగ్ మిషన్, డ్రిల్లు, బ్రేకర్ ఎక్కువగా కార్బన్ బ్రష్‌లతో నడిచే మోటార్లు. బ్రష్ అరగడం దాని స్వభావం; సుమారు 5 మిల్లీమీటర్లకు వచ్చేసరికి మార్చేయాలి. మార్చకపోతే లోపల నిప్పురవ్వలు ఎక్కువై, కమ్యుటేటర్ రాగి పట్టీలు కాలి, చివరికి ఆర్మేచర్ పోతుంది. చిన్న నోటుతో తీరిపోయే పని రివైండింగ్ దాకా వెళ్తుంది. రాతి ధూళి దీన్ని తొందరపెడుతుంది. మోటారును చల్లబరిచే ఫ్యాను బయటి గాలితో పాటు ఆ పొడిని కూడా లోపలికి లాగుతుంది. పొడి బేరింగుల్లో చేరి వాటిని అరగదీస్తుంది, తీగచుట్ల మీది పూతను గీకేస్తుంది. సాయంత్రం పని ముగిశాక గాలి పంపుతో ఒక నిమిషం ఊదితే మిషన్ ఆయుష్షు ఎంతో పెరుగుతుంది. ఆ సంగతి కొత్తగా పనిలోకి వచ్చిన కుర్రవాడికి చెప్పేవారు సైటులో ఉండరు. కంపెనీ వారంటీ అరిగే భాగాలకు వర్తించదు. సర్వీస్ సెంటర్లు పెద్ద పట్టణాల్లో ఉంటాయి. మండల కేంద్రంలో ఉండే కార్మికుడు అక్కడిదాకా పోయి రావడానికే ఒక రోజు పని వదులుకోవాలి. అందుకే దగ్గరి దుకాణంలో దొరికిన నాసిరకం బ్రష్, నకిలీ బేరింగు వేయించి నడిపిస్తాడు.

కరెంటు సంగతి మరింత ముఖ్యం. కట్టే ఇంటికి మీటరు ఒక మూల ఉంటుంది, పని మూడో అంతస్తులో జరుగుతుంది. మధ్యలో అతుకుల వైరు సాగుతుంది. 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరు 50 మీటర్లు లాగి 6 ఆంపియర్లు తీసుకునే మిషన్ నడిపితే, వైరులోనే సుమారు 11 వోల్టులు పోతాయి. వైరు అడ్డుకోత వైశాల్యం అందులో సగమే ఉంటే నష్టం రెట్టింపు. వేసవిలో సరఫరా వోల్టేజియే తక్కువగా ఉండే చోట అది ఇంకా కుంగుతుంది. వోల్టేజి తగ్గితే మోటారు వేగం తగ్గుతుంది, దానితో పాటు ఫ్యాను గాలీ తగ్గుతుంది. కోత సాగడం లేదని మనిషి ఇంకా గట్టిగా అదుముతాడు. అప్పుడు కరెంటు పెరిగి చుట్లు వేడెక్కుతాయి. మిషన్ కాలిపోయాక తప్పు కంపెనీ మీదో, పట్టుకున్నవాడి మీదో వేస్తారు. తప్పు చాలాసార్లు వైరుది.

అదే వైరు ప్రాణాలూ తీస్తుంది. ప్లగ్గు లేకుండా రెండు తీగలను సాకెట్లో గుచ్చి, ఊడిపోకుండా పుల్ల అడ్డం పెట్టి నడిపే పద్ధతి చిన్న సైట్లలో అందరూ చూసినదే. చేతి మిషన్లలో చాలా వాటికి రెండు పొరల ఇన్సులేషన్ ఉంటుంది కాబట్టి వాటికి ఎర్త్ తీగ లేకపోవడం లోపం కాదు. ఇనుప ఒంటితో ఉండే మిల్లరు, మోటారు వైబ్రేటరు, నీళ్ళ మోటారు సంగతి వేరు. వాటికి మూడో తీగ ఉండి తీరాలి. బోర్డులో ఎంసీబీ ఉందిలే అన్న ధైర్యం కూడా నిలవదు. 16 ఆంపియర్ల ఎంసీబీ వైరు కాలకుండా కాపాడుతుంది. మనిషి ప్రాణానికి ముప్పు తేవడానికి ఒక ఆంపియరులో పదో వంతు కూడా అక్కర్లేదు; అంత చిన్న ప్రవాహాన్ని ఎంసీబీ గుర్తించదు. గుర్తించేది ఆర్‌సీసీబీ. ఫేజ్‌లో వెళ్ళిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగివచ్చిన కరెంటు ఒకటేనా అని అది ఎప్పటికప్పుడు చూస్తూ, తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేసరికి సెకనులో మూడో వంతు గడవకముందే సరఫరా తెంచేస్తుంది. దాని ధర మేస్త్రీ రెండు మూడు రోజుల కూలికి మించదు. ఇంటి యజమాని ఫాల్స్ సీలింగు లైట్లకు పెట్టే ఖర్చు ముందు అది లెక్కలోకే రాదు. ఇల్లు పూర్తయి గృహప్రవేశం నాటికి బోర్డులో అది ఉంటుంది. కట్టే నెలల్లో, దాని అవసరం ఎక్కువగా ఉన్నప్పుడు, అక్కడ ఉండదు.

రాయి కోసేవారి దగ్గర కరెంటు ప్రమాదానికి ధూళి ప్రమాదం తోడవుతుంది. గ్రానైట్‌లో, విట్రిఫైడ్ టైల్‌లో క్వార్ట్జ్ అనే సిలికా ఉంటుంది. పొడిగా కోస్తే లేచే సన్నని ధూళి ఊపిరితిత్తుల లోతుకు చేరి సిలికోసిస్ తెస్తుంది. ఒకసారి వచ్చిన మచ్చలు పోవు, మందు లేదు. వంటగది గట్లకు ఇప్పుడు వాడుతున్న కృత్రిమ క్వార్ట్జ్ పలకల్లో సిలికా 90 శాతం దాకా ఉంటుంది. వాటిని కోసిన యువకులకు కొద్ది ఏళ్ళలోనే జబ్బు రావడం చూసి ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి అలాంటి పలకల తయారీని, అమ్మకాన్ని, బిగింపును నిషేధించింది. ధూళి లేవకుండా చేసే తేలిక మార్గం కోసే చోట నీళ్ళు పోయడం. కాని అతుకుల వైరుతో, ఆర్‌సీసీబీ లేని బోర్డు మీద నడిచే మిషన్ దగ్గర నీళ్ళు పోయమని చెప్పడం మనిషిని షాక్‌కు అప్పగించడమే. కోసేవారు నీళ్ళు వాడకపోవడాన్ని నిర్లక్ష్యం అనడం అన్యాయం. ఊపిరితిత్తులా, ప్రాణమా అని ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు కళ్ళెదుట కనిపించే అపాయానికే ఎవరైనా ముందు భయపడతారు. మూతికి కట్టుకునే తువ్వాలు సన్నని ధూళిని ఆపదు. ఆపడానికి ఎన్95 రకం మాస్కు కావాలి, దాన్ని తరచూ మార్చాలి.

గ్రైండర్ రక్షణ కవచం తీసేయడం గురించీ చెప్పాలి. 4 అంగుళాల గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్లకు అటూ ఇటూగా తిరుగుతుంది. లోతుగా కోయాలని కవచం విప్పి 7 అంగుళాల డిస్కు బిగిస్తే, ఆ డిస్కు తట్టుకోగల గరిష్ఠ వేగం సుమారు 8,500 చుట్లే. డిస్కు పగిలితే ముక్కలు ముఖానికి, మెడకు తగులుతాయి. ఎంత వేగం తట్టుకుంటుందో ప్రతి డిస్కు మీదా ఇంగ్లీషులో చిన్న అక్షరాల్లో అచ్చువేసి ఉంటుంది. అడ్డా మీద నిలబడేవారిలో అది చదవగలిగేవారు తక్కువ. పెద్ద మిషన్ ఒకటి అద్దెకు అందుబాటులో ఉంటే ఆ సాహసం అవసరమే రాదు.

స్లాబు రోజు ఇబ్బంది వేరు. వైబ్రేటరు సూది మధ్యలో ఆగితే కాంక్రీటు కడ్డీల మధ్య సరిగా సర్దుకోక తేనెపట్టులా బొరియలు పడతాయి. మిల్లరు ఆగి గంటలు గడిస్తే పాత పోతకు కొత్త పోత అతకదు, ఆ గీత వెంట తర్వాత నీరు కారుతుంది. అందువల్ల పాడైన యంత్రం నష్టం కార్మికుడితో ఆగదు. ఇల్లు కట్టుకున్నవారు ఏళ్ళ తరబడి భరిస్తారు.

ఈ సమస్యలు తీరకపోవడానికి కారణం డబ్బు లేకపోవడం కాదు. 1996 సెస్సు చట్టం కింద నిర్మాణ వ్యయంలో 1 శాతం మండళ్ళకు వస్తూ వచ్చింది. దేశం మొత్తం మీద 37,400 కోట్ల రూపాయలకు పైగా వసూలైతే ఖర్చయింది సుమారు 9,500 కోట్లేనని సుప్రీంకోర్టు 2018 మార్చి 19 నాటి తీర్పులో ఎత్తిచూపింది. కేంద్రం 2023 సెప్టెంబర్ 17న మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో పనిముట్లకు 15,000 రూపాయల దాకా ఇస్తారు. అయితే అందులోని 18 వృత్తుల్లో తాపీ మేస్త్రీ, వడ్రంగి ఉన్నారు. ప్లంబర్, ఎలక్ట్రీషియన్, పెయింటర్, రాడ్ బెండర్, టైల్స్ వేసేవారు లేరు. మిషన్ల మీద ఎక్కువగా ఆధారపడేవారే బయట ఉండిపోయారు. ఆ ఖాళీని పూడ్చడం రాష్ట్ర మండళ్ళ చేతిలో ఉన్న పని.

చట్టం చేరని చోటు కూడా ఉంది. 1996 భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం 10 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలకే వర్తించేది. 10 లక్షల లోపు ఖర్చుతో కట్టుకునే సొంత ఇల్లు దాని పరిధిలోకి వచ్చేది కాదు. దాని స్థానంలో 2025లో అమల్లోకి వచ్చిన 2020 కార్మిక కోడ్‌లో ఆ పరిమితిని 50 లక్షలకు పెంచారు. చిన్న పట్టణాల్లో, పల్లెల్లో కట్టే సొంత ఇళ్ళలో ఎక్కువ భాగం దీనితో తనిఖీకి అందకుండా పోతాయి. సొంత మిషన్లతో ఇద్దరు ముగ్గురుగా పనిచేసేవారు ఉండేది అక్కడే. సైటును తనిఖీ చేయలేనప్పుడు మనిషి చేతిలోని పనిముట్టును భద్రంగా ఉంచడం ఒక్కటే మిగిలిన దారి.

అందుకు పెద్ద అడ్డాల పక్కనే పనిముట్ల కేంద్రాలు కావాలి. వాటిలో అసలైన బ్రష్‌లు, బేరింగులు, స్విచ్‌లు దొరకాలి. ఐటీఐలో శిక్షణ పొందిన మెకానిక్ ఒకరు ఉండి ఉదయం పనికి వెళ్ళే ముందూ, సాయంత్రం తిరిగివచ్చాకా మిషన్ చూడాలి. మిషన్ బాగయ్యేదాకా వాడుకోవడానికి మరొకటి ఇవ్వాలి. నమోదైన ప్రతి మిషన్ కార్మికుడికి ఆర్‌సీసీబీ, ఎర్త్, తగిన మందం వైరు ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒకటి ఇవ్వాలి. రాయి, టైల్స్ కోసేవారికి ఆ బోర్డుతో పాటే నీటి గొట్టం అమర్చిన కటింగ్ మిషన్, మాస్కులు చేరాలి, ఎందుకంటే ఒకటి లేకుండా రెండోది ఇస్తే ప్రమాదం తగ్గదు. నిర్మాణ శిక్షణ సంస్థ న్యాక్ ఇచ్చే శిక్షణల్లో మిషన్ విప్పి శుభ్రం చేయడం, బ్రష్ మార్చడం, డిస్కు మీది అంకెలు చదవడం పాఠంగా ఉండాలి. నమోదుకు అడిగే 90 రోజుల పని ధ్రువీకరణ పలు ఇళ్ళలో పనిచేసే టైల్స్ కార్మికుడికి దొరకడం కష్టం. కేంద్రంలో అతని మిషన్ సర్వీసు నమోదును కూడా ఆ ధ్రువీకరణలో ఒక ఆధారంగా తీసుకోవచ్చు. రాయి కోసే పనిలో ఉన్నవారికి ఏటా ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి పరీక్ష చేయించి ఆ ఫలితాలను గుర్తింపు కార్డుకు జతచేస్తే, జబ్బు మొదట్లోనే కనిపించి ఆ ధూళి నుంచి మనిషిని తప్పించడానికి వీలవుతుంది.